నాకేమీ అనిపించదంటున్నారు, మరి ఆ కంచం ఎందుకు విసిరారు?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన వయసు 46. వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో పాతికేళ్లకు పైగా గుమాస్తా. సొంతూరు పరకాల వైపు ఒక పల్లె. 1997-98లో పురుగు పడి వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిన్న ఏడాది ఈయన డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నారు. బాపు నెత్తిన పడ్డ అప్పు తీర్చడానికి చదువు మానేసి మార్కెట్లో చేరారు. ఎనిమిదేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించారు. అతణ్ణి అమెరికా పంపేటప్పుడు భార్య పుస్తెలతాడు కుదువ పెట్టారు. తమ్ముడు అక్కడ బాగా స్థిరపడ్డాడు.

మొన్న వేసవిలో అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజు ఫంక్షన్ హాల్లో ఘనంగా చేశారు. ఖర్చంతా తమ్ముడిదే. వేదిక మీద బాపు మైకు పట్టుకుని "నా చిన్నకొడుకు నా ఇజ్జత్ నిలబెట్టిండు" అన్నారు. చప్పట్లు మోగాయి. "ఆ టైంల నేను కింద భోజనాల కాడ ఉన్నా. బగారన్నం తక్కువ పడేటట్టున్నదని వంటాయనతోని మాట్లాడుతున్నా. మైకుల వినబడ్డది. నాకేమీ అనిపించలే, సంతోషమే" అని రాశారు.

అప్పటి నుంచి ఛాతీ మీద బరువు, కడుపులో మంట, రాత్రి మూడింటికి మెలకువ. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. ఏమీ లేదన్నారు. "టెన్షన్ తగ్గించుకోండి" అని గ్యాస్ మాత్ర రాసిచ్చారు. ఇంతలో తమ్ముడు ఫోన్ చేసి, ఊళ్లో ఇల్లు, రెండెకరాలు అమ్మి చెరిసగం తీసుకుందామనీ, తాను దసరాకు వచ్చినప్పుడు సంతకాలు అయిపోవాలనీ చెప్పాడు. "అన్నా, నువ్వే అంతా చూసుకో" అన్నాడు. ఈయన సరే అన్నారు. ఆ వారమే, బీటెక్ చదివే కూతురు లాప్‌టాప్ అడిగితే "నన్నెందుకు అడుగుతవ్? మీ చిన్నాయనను అడుగు, ఆయన దగ్గర డాలర్లున్నయ్" అని పచ్చిపులుసు కలిపిన కంచం గోడకు విసిరికొట్టారు. ఆ పిల్ల అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. భార్య "మీ మనసుల ఏదో ఉన్నది, చెప్పుండ్రి" అంటే, "ఏమన్నా ఉంటే గద చెప్పనీకి" అన్నారట.

ఆయన అడిగినవి ఇవి: నాది జబ్బా? మనసులో ఏముందో తెలుసుకోవడం ఎట్లా? దసరాకు సంతకం పెట్టాలా వద్దా? చివర్లో ఇంకో వాక్యం ఉంది: "ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటన్నా పోదామనిపిస్తది." దాని సంగతి కూడా మాట్లాడతాను.

*

మీ ఉత్తరంలో మీరు గమనించి ఉండని సంగతి ఒకటుంది. తమ్ముడి ఫీజులు, అప్పుల వడ్డీలు, ఆసుపత్రి బిల్లులు, వీటన్నిటికీ పేజీలకు పేజీలు ఇచ్చారు. మైకు సంగతి మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేశారు. తేల్చేసి, ఆ వెంటనే కింది వాక్యంలోనే "ఆ రాత్రే మొదటిసారి ఛాతీ పట్టేసినట్టయింది, బగారన్నం అరగలేదనుకున్నా" అని రాశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టింది మీ చెయ్యే. కంచం విసిరినప్పుడు నోట్లోంచి వచ్చిన మాట కూడా లాప్‌టాప్ గురించి కాదు, చిన్నాయన గురించి. అంటే మీకు ఏమీ అనిపించకపోవడం కాదు. అనిపిస్తోంది, గట్టిగానే అనిపిస్తోంది. అది ఛాతీ దగ్గరికీ చేతి దగ్గరికీ చేరుతోంది గానీ, మీ ఎరుకలోకి రావడం లేదు.

ఇందులో వింతేమీ లేదు. భావోద్వేగం చాలాసార్లు ముందు ఒంట్లోనే మొదలవుతుంది. గుండె వేగం మారుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, ఛాతీ, మెడ కండరాలు బిగుసుకుంటాయి, కడుపు పనిచేసే తీరు మారుతుంది. "ఇది అవమానం", "ఇది భయం" అని మనసు పేరు పెట్టడం ఆ తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కడం చిన్నప్పటి నుంచి అలవాటైతేనే వస్తుంది. అలవాటు లేకపోతే ఒంట్లో జరిగేదంతా గ్యాస్‌గా, నీరసంగా, తలనొప్పిగా మాత్రమే తెలుస్తుంది. మీకు అలవాటు ఎందుకు కాలేదో మీ కథే చెబుతోంది. ఇంటి మీదికి అప్పులవాళ్లు వస్తుంటే పంతొమ్మిదేళ్ల పిల్లవాడు "నాకేమనిపిస్తోంది" అని ఆలోచిస్తూ కూర్చుంటే ఇల్లు గడవదు. అప్పుడు మీరు చేసింది సరైనదే. మూసిపెట్టడం ఆ రోజుల్లో మిమ్మల్ని నిలబెట్టింది. అప్పు తీరాక కూడా మూత తీసే తీరిక దొరకలేదు, అంతే. పెద్దకొడుక్కి మన ఇళ్లలో ఆ తీరిక ఎవరూ ఇవ్వరు కూడా.

ఇది జబ్బా అన్నారు. తమ భావాలను గుర్తించలేకపోవడం, మాటల్లో చెప్పలేకపోవడం అనే లక్షణానికి పీటర్ సిఫ్నియోస్ అనే మనోవైద్యుడు 1970లలో అలెక్సిథైమియా అని పేరు పెట్టాడు. శరీరంలో బాధలు చెప్పుకుంటూ వచ్చే రోగుల్లో కొందరు, "మీకు ఎలా అనిపిస్తోంది" అని అడిగితే జవాబు చెప్పలేకపోవడం ఆయన గమనించాడు. ఇది రోగ నిర్ధారణ కాదు, స్వభావంలో ఒక ధోరణి. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఇది ఎక్కువగా ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన, అంతుచిక్కని ఒంటినొప్పులు కూడా ఎక్కువ కనబడతాయని ఆ తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. మీకది ఉందని ఉత్తరం చూసి నేను చెప్పను, చెప్పకూడదు. కానీ "బగారన్నం తక్కువ పడేటట్టున్నదని" అనే వాక్యం రాసిన మనిషికి లోపల ఏమీ లేదంటే మాత్రం నమ్మను.

ఒక హెచ్చరిక. పరీక్షలన్నీ బాగున్నాయి కదా, ఇక ఛాతీనొప్పి అంతా మనసుదే అని మీరు తీర్మానించుకోవద్దు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఆ క్షణంలో భావోద్వేగాల గురించి ఆలోచించకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అసలు విషయం. మార్కెట్లో బస్తా విప్పి గుప్పెడు మిర్చి చేతిలోకి తీసుకుంటే అది తేజనా, వండర్ హాటా, దేశీనా, తాలు ఎంత కలిసింది, తేమ ఎంత ఉంది, మీరు చూడగానే చెబుతారు. అన్నీ ఎర్రగానే ఉన్నాయి కదా అని ఒకే కుప్ప పోస్తే రైతు ఊరుకోడు, సేటు ఊరుకోడు. మనసు విషయానికి వచ్చేసరికి మాత్రం మీరు అన్నిటినీ ఒకే కుప్ప పోసి "టెన్షన్" అనేస్తున్నారు. మీ ఒక్కరేమిటి, డాక్టరుగారూ అంతే రాశారు. మన పక్క మాటల్లోనే ఎన్ని రకాలున్నాయో చూడండి: రంది (దిగులు) పెట్టుకోవడం వేరు, బుగులు (భయం) పడటం వేరు, యాష్టకు (విసుగు) రావడం వేరు, నారాజ్ కావడం వేరు, చిన్నబోవడం వేరు. మీ ఇంట్లో ఆడవాళ్లు ఈ మాటలు రోజూ వాడుతూనే ఉంటారు. మగవాళ్లం "ఏం లే" అనే మాటతో జీవితం వెళ్లదీస్తాం.

భరతుడి నాట్యశాస్త్రంలో సంచారీ భావాలే, అంటే మనసులో వచ్చిపోయే భావాలే, 33 ఉన్నాయి. అందులో అమర్షం అని ఒకటుంది. విద్యలోనో, సంపదలోనో, బలంలోనో తనకంటే పైవాళ్ల చేతిలో చులకనైన మనిషికి కలిగేది. రెండు వేల ఏళ్ల కింది నాటకాల పుస్తకంలో మీ భోజనాల హాలు కనబడి కాస్త ఉలిక్కిపడ్డాను.

సరైన పేరు దొరికితే ఏమొస్తుంది అంటారేమో. పేరును బట్టే చేయాల్సిన పని మారిపోతుంది. మీ విషయంలో నాకు మూడు కనబడుతున్నాయి. ఇవి నా ఊహలు, ఖాయం చేయాల్సింది మీరు.

మొదటిది, తమ్ముడి మీద కోపం. "నా కష్టం మీద ఎదిగి, ఇప్పుడు చెరిసగం అంటాడా, పైగా పనంతా నన్నే చూసుకోమంటాడా" అని. ఇదే నిజమైతే విషయం లెక్కలది. కూర్చుని మాట్లాడుకుంటే తేలే అవకాశం ఉంది. మీ భార్య ఎక్కువ వాటా అడగమంటున్నారని రాశారు కదా, అదీ ఈ లెక్కతోనే.

రెండోది, బాపు వల్ల కలిగిన నొప్పి. ఆయన చిన్నకొడుకును పొగిడినందుకు కాదు, ఆ మాటల్లో మీ పేరు లేనందుకు. ఇదైతే ఎకరం ఎక్కువ వచ్చినా ఆ బరువు దిగదు. వాటా కోసం పోట్లాడి గెలిచి, ఆ రాత్రి మూడింటికి మళ్లీ మెలకువ వస్తే మీకు ఏమీ అర్థం కాదు. అన్నదమ్ముల మధ్య ఎన్ని పంచాయితీలు పైకి గెట్టు గురించి జరుగుతాయో, లోపల అమ్మ ఎవరికి ముందు అన్నం పెట్టింది అనే దాని గురించి జరుగుతాయో మీరూ చూసే ఉంటారు.

మూడోది, మీరు మూడు చోట్ల ప్రస్తావించి మూడు చోట్లా దాటేసినది, ఆగిపోయిన డిగ్రీ. "నేనూ లెక్కల్లో ఫస్టే" అని బ్రాకెట్లో రాశారు. దాన్ని బ్రాకెట్లో ఎందుకు పెట్టారు? అది పోయిన వస్తువు కోసం దుఃఖం కావచ్చు. దానికి తమ్ముడు గానీ బాపు గానీ చేయగలిగింది ఏమీ లేదు. ఆ దుఃఖాన్ని మీరు ఒకసారి ఒప్పుకుని, దానికి కొంత సమయం ఇవ్వాలి. బీటెక్ చదివే కూతురు లాప్‌టాప్ అడిగినప్పుడు తగిలింది ఇదేనేమో కూడా ఆలోచించండి.

మూడూ కలిసే ఉండొచ్చు. వాటితోపాటు తమ్ముడంటే ప్రేమ, వాడు ఎదిగినందుకు గర్వం కూడా ఉండొచ్చు. "సంతోషమే" అని మీరు రాసింది అబద్ధమని నేను అనడం లేదు. ఒకే మాట విని సంతోషమూ నొప్పీ రెండూ కలగడం మనిషికి మామూలే. అసూయ ఉంటే అది కూడా ఉండనివ్వండి. అసూయ పుట్టినంత మాత్రాన మీరు చెడ్డ అన్న కారు.

పేరు పెట్టడం వల్ల మెదడులో కూడా కొంత మార్పు కనబడుతుంది. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి సరిపోయే మాటను ఎంచుకోమన్నారు. అలా ఎంచుకున్నప్పుడు, ఆ ముఖానికి సరిపోయే మగపేరో ఆడపేరో ఎంచుకున్నప్పటికంటే, ప్రమాద సంకేతాలకు స్పందించే అమిగ్డాలా అనే భాగం తక్కువగా స్పందించింది. అది ప్రయోగశాలలో ఫొటోల సంగతి, మీ ఇంటి సంగతి అంత సులువుగా తేలదు. అయినా దారి అటే ఉందని నా అనుభవం.

ఇప్పుడు, ఎలా తెలుసుకోవాలి? "నాకేమనిపిస్తోంది" అని మిమ్మల్ని మీరు అడగొద్దు. "ఏమీ లేదు" అనే జవాబు మీ దగ్గర తయారుగా ఉంది. ఒంటి నుంచి మొదలుపెట్టండి. ఛాతీ బరువెక్కినప్పుడు టైము చూసుకోండి. దానికి ముందు ఎవరి ఫోన్ వచ్చింది, ఎవరు ఏమన్నారు, మీరేం చూశారు? చిట్టా పుస్తకం రాసే మనిషికి ఇది కష్టం కాదు. సౌకర్యమైన చోట రెండు ముక్కలు రాసిపెట్టుకోండి: బరువు ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది. వారం పది రోజులకు తిరగేస్తే కొన్ని పేర్లు, కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని మీకే తెలుస్తుంది. అప్పుడు పైన చెప్పిన మాటల్లో ఏది అతుకుతుందో చూడండి. కరెక్ట్ మాట తగిలినప్పుడు చాలామందికి ఒంట్లోనే తెలుస్తుంది. ఊపిరి కొంచెం లోపలికి దిగుతుంది, లేదా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నీళ్లు వస్తే రానివ్వండి.

ఇంకో పద్ధతి ఉంది, కాస్త ఘాటైనది. ఆ మైకు సంఘటనను మీరు నిలబడ్డ చోటు నుంచి పూర్తిగా రాయడం. వంటాయన ఏమన్నాడు, గిన్నెలో ఎంత అన్నం ఉంది, మైకులో గొంతు ఎలా వినబడింది, మీ చేతులు ఏం చేస్తున్నాయి, అన్నీ. జేమ్స్ పెన్నేబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో కాలేజీ విద్యార్థుల చేత రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు ఇలా మనసును గాయపరిచిన సంఘటనలు రాయించాడు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, ఘటనతోపాటు తమ భావాలు కూడా రాసినవాళ్లు డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాసిన రోజు బాధ పెరిగితే భయపడకండి. పెరిగి దిగకుండా రోజుల తరబడి అలాగే ఉంటే మాత్రం ఆపేయండి, ఒంటరిగా చేయాల్సిన పని కాదని అర్థం. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేసినా నష్టం లేదు.

మీ భార్యకు చెప్పాలా? చెబితే ఆమె మీ పక్షాన గట్టిగా నిలబడి, తమ్ముడి మీద ఇంకో నాలుగు మాటలు అనొచ్చు. పుస్తెలతాడు ఆమెది, ఆమె లెక్కలు ఆమెకుంటాయి. అప్పుడు మీ కోపం ఏదో ఆమె కోపం ఏదో కలగాపులగమైపోతుంది. అలాగని చెప్పకపోతే ఆమె తలుపు తడుతూనే ఉంటుంది, మీరు "ఏం లే" అంటూనే ఉంటారు. నన్నడిగితే చెప్పండి గానీ, "ఇప్పుడే ఏం చేయాలో చెప్పకు, ఊకె విను" అని ముందే అడగండి.

మనసులో ఉన్నది తెలుసుకోవడమంటే కక్కేయడం అనుకునేవాళ్లున్నారు. అరిస్తే, వస్తువులు పగలగొడితే కోపం తగ్గిపోతుందని నమ్ముతారు. పరిశోధనలు దీనికి వ్యతిరేకంగానే ఉన్నాయి. అలా చేస్తే కోపం చల్లారదు, ఇంకా రాజుకుంటుంది. మీకు కూడా కంచం విసిరాక ఛాతీ తేలిక కాలేదు కదా.

సంతకం విషయం. దసరాకు ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టొచ్చు. పండగ పండగలా గడుస్తుంది, జమ్మి ఇచ్చి అలాయ్ బలాయ్ చేసుకుంటారు, తమ్ముడు వెళ్లిపోతాడు. మీ లోపల ఉన్నది మాత్రం తర్వాత ఇంకో కంచం వెతుక్కుంటుంది. రిజిస్ట్రేషన్ అయిపోయిన భూమి తిరిగి రాదు. లేదా వాటా ఎక్కువ కావాలని గట్టిగా నిలబడొచ్చు. న్యాయంగా అడిగే హక్కు మీకుంది. పుస్తెలతాడు, ఫీజులు, బాపు అప్పు, అన్నిటికీ మీ దగ్గర లెక్క ఉంది. కానీ బాపు మీది నొప్పిని తమ్ముడి ముందు లెక్కల రూపంలో పెడితే, వాడు లెక్కకే జవాబిస్తాడు. "ఎంత కావాలన్నా చెప్పు అన్నా, పంపిస్తా" అంటాడు. ఆ మాట మిమ్మల్ని ఇంకా చిన్నబుచ్చుతుంది.

వాయిదా అడగడం ఇంకో దారి. "ఈ దసరాకు కాదు, నాకు ఆలోచించుకునే టైం కావాలె" అని ఇప్పుడే ఫోన్లో చెప్పడం. వాడు కొంచెం నొచ్చుకుంటాడు, టికెట్లు, సెలవులు అంటాడు. బాపు కూడా ఏదో ఒకటి అంటారు. పాతికేళ్లలో మీరు ఇంట్లో "కాదు" అనడం ఇదే మొదటిసారి కావచ్చు కాబట్టి మీకే చెమటలు పడతాయి. నా మొగ్గు దీనివైపే. ఏ భావంతో సంతకం పెడుతున్నారో తెలియకుండా ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టొద్దు. మీకు మీది తెలిశాక చెరిసగానికే ఒప్పుకున్నా, అది వేరే ఒప్పుకోలు అవుతుంది.

బాపుతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం. "ఆ రోజు మైకుల నా పేరు కూడా చెప్తరేమో అనుకున్నా బాపూ" అనే ఒక్క వాక్యం చాలు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గరికి తీసుకుంటారని నేను హామీ ఇవ్వలేను. "నువ్వు ఇంటోడివి, నీ గురించి చెప్పేదేముంది" అని తీసేసే అవకాశమే ఎక్కువ. ఆ తరం తండ్రులకు కళ్లెదుట ఉన్న కొడుకును పొగడటం రాదు. ఆ జవాబు వినడానికి సిద్ధంగా ఉంటేనే అడగండి. సిద్ధంగా లేకపోతే అడగకపోవడం పిరికితనం కాదు.

"ఎటన్నా పోదామనిపిస్తది" అన్నారు కదా. అంటే కొన్నాళ్లు ఊరు వదిలి తిరిగి రావాలనా, లేక బతకాలని లేదనా? సూటిగా అడుగుతున్నాను, మీరూ సూటిగానే జవాబు చెప్పుకోండి. రెండోదైతే, ఆ ఆలోచన లీలగా వచ్చినా సరే, ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీ భార్యకు కూడా ఆ మాట చెప్పండి. మొదటిదే అయినా, నిద్ర సరిగా లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి కొనసాగుతుంటే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో, మీకు నమ్మకమున్న సైకియాట్రిస్టు దగ్గరో చూపించుకోండి. వెళ్లగానే మందులే అనుకోవద్దు. కొందరికి మాటలతో సరిపోతుంది, కొందరికి కొన్నాళ్లు మందులు కావాలి. అది వాళ్లు చూసి చెబుతారు. నిద్ర కోసం ఈ మధ్య క్వార్టర్ తెచ్చుకుంటున్నానని రాశారు. తాగి పడుకుంటే నిద్ర త్వరగా పడుతుంది, తెల్లవారుజామున అదే లేపుతుంది. మూడింటి మెలకువలో దాని వాటా ఎంతో, నాలుగు రోజులు మానేస్తే మీకే తెలుస్తుంది. రోజూ తాగే అలవాటైపోయి, మానగానే చేతులు వణికితే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టరుకు చెప్పి ఆపండి.

మీ అమ్మాయి సంగతి దసరా దాకా ఆగనక్కర్లేదు. లాప్‌టాప్ కొనిచ్చి సరిపెట్టొద్దు. "ఆ రోజు కోపం నీ మీద కాదు బిడ్డా, వేరే బాధ ఉండె, అది నీ మీద పడ్డది" అని చెప్పండి. ఆ బాధేమిటని అడుగుతుంది. అప్పటికి మీకు ఎంత తెలిస్తే అంతే చెప్పండి. ఇంకా తెలియకపోతే "నాకూ సరిగ్గ తెల్వదు, తెలుసుకుంటున్నా" అనండి. కంచం తగిలిన మరక గోడ మీద ఇంకా ఉంటే, సున్నం మీరే వేయండి.